అమ్మ పిడికెడు, నా దోసెళ్ళు

పోయిన నెల మా పాప స్కూలు నుంచి ఒక కాగితం పట్టుకొచ్చింది. క్లాసు పిల్లల్ని గుర్రాల ఫార్మ్‌కి తీసుకెళ్తున్నారట, తోడుగా పెద్దవాళ్ళెవరైనా వస్తారా అని. నాకు ఆఫీసు, మా ఆయన ఊళ్ళో లేడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు నా దగ్గర ఉందామని వచ్చిన అమ్మ సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. పాప ఆవిడ పక్కన చేరి, తనకొచ్చిన తెలుగులో అడిగింది.

"అమ్మమ్మా, నీకు హార్సెస్ గురించి తెలుసా? నువ్వు వస్తావా మా ట్రిప్‌కి?"

అమ్మ తల కూడా ఎత్తలేదు. "నాకు గుర్రాల సంగతేం తెలుసు తల్లీ. నాకేం తెలీదు" అంది.

నేను పాలగిన్నె స్టవ్ మీద పడేసి బాత్రూంలోకి పోయి తలుపేసుకున్నాను. నలభైకి దగ్గర పడ్డదాన్ని, కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చాను. ఎందుకంటే నేనెరిగిన మనుషుల్లో గుర్రాల గురించి మా అమ్మకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఆవిడ నోటితో "నాకేం తెలీదు" అనిపించింది నేను. ఈ ముక్క ఇన్నేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా.

నాకప్పుడు పదకొండేళ్ళు, అప్పటికే అమెరికాలో ఉన్నాం. హెర్న్‌డన్ దాటి పడమరకి కొంచెం పోతే చాలు, ఆ రోజుల్లో అన్నీ పచ్చిక బీళ్ళే, వాటి చుట్టూ చెక్క కంచెలే. ఇప్పుడక్కడ కిటికీల్లేని పెద్ద పెద్ద డేటా సెంటర్లు కట్టేశారు. రాత్రనక పగలనక హోరు. ఆ దారిన కారులో పోతుంటే మేమున్న ఇల్లు ఏ గోడ కింద పోయిందో కూడా గుర్తు పట్టలేను. నేను చేసే ఉద్యోగం కూడా అలాంటి డబ్బాల్లో తిరిగే సర్వర్ల మీదేగా, ఎవర్నని తిట్టను?

అక్కడ ఒక ముసలావిడకి పొలం, గుర్రపుశాల, పెద్ద ఇల్లు ఉండేవి. ఆ ఇంటి వెనకున్న చిన్న ఇల్లు మేం అద్దెకి తీసుకున్నాం. అపార్ట్‌మెంట్‌లో పైవాళ్ళ అడుగుల చప్పుడుకి నాన్నకి తల పగిలిపోయేదని ఆ ఇల్లు పట్టాడు. నాన్న పొద్దున్నే కారేసుకుని ఆఫీసుకి పోయేవాడు, నేను పసుపు బస్సెక్కి స్కూలుకి పోయేదాన్ని. అమ్మ మాత్రం ఇంట్లోనే. ఆవిడది హెచ్-ఫోర్ వీసా, ఉద్యోగం చెయ్యకూడదు. డ్రైవింగ్ రాదు. పొద్దున వంట అయిపోయాక మళ్ళీ నేనొచ్చేదాకా ఆవిడకి మాట్లాడ్డానికి మనిషి లేదు. స్కూలు నుంచి వచ్చేసరికి వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉండేది. "ఏం చేశావమ్మా ఇవాళ?" అంటే, "ఏముంది, కూర్చున్నా" అనేది.

ఆకులు రాలే రోజుల్లో ఒక సెలవు రోజున ముసలావిడ ట్రెయిలర్‌లో ఒక ఆడగుర్రాన్ని తెచ్చింది. ఎవరో దాన్ని దొడ్లో వదిలేసి తిండి పెట్టడం మానేశారట. అది దిగుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. వెన్ను పైకి లేచిపోయింది, పిర్రల ఎముకల మీద చొక్కా తగిలించొచ్చు. జూలంతా జడలు కట్టి ముళ్ళు అంటుకుని ఉంది. ముసలావిడ గడ్డి నోటికందిస్తే నాలుగు సార్లు నమిలి, ముద్దలా చేసి కిందికి వదిలేసింది.

అమ్మ కిటికీలోంచి చూసింది కాబోలు, నైటీ మీద నాన్న చలికోటు తగిలించుకుని పరిగెత్తుకుంటూ వచ్చేసింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఎవర్నీ పట్టించుకోలేదు. గుర్రం మెడ మీద చెయ్యేసి ఏదో గొణుగుతూ పై పెదవి ఎత్తింది, చిగురు మీద వేలు నొక్కి చూసింది, డొక్కకి చెవి ఆనించి వింది. కింద పడ్డ గడ్డి ముద్ద తీసి వాసన చూసింది. తర్వాత ముసలావిడ వైపు తిరిగి, కూడబలుక్కుని, "టీత్ షార్ప్. కటింగ్ ది మౌత్. దట్స్ వై ఫాలింగ్" అంది.

ముసలావిడ నోరెళ్ళబెట్టింది. "నీకెలా తెలుసు?" అని అడిగింది ఇంగ్లీషులో.

"మై ఫాదర్. హార్స్ కార్ట్" అంది అమ్మ. అని, గబుక్కున నావైపు తిరిగి తెలుగులో, "నాన్నతో అనకే" అంది.

సంగతేంటంటే, మా తాతయ్య జట్కా తోలేవాడు. రైలు స్టేషన్ ముందు జట్కా స్టాండులో ముప్ఫై ఏళ్ళు తోలాడు. నాన్న మాత్రం ఇక్కడి స్నేహితులందరితో "మా మావగారిది ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్" అని చెప్పేవాడు. అబద్ధమేం కాదుగా అని ఇంట్లో నవ్వేవాడు. అమ్మ నవ్వేది కాదు.

మర్నాటి నుంచి ఆ గుర్రం మా అమ్మది అయిపోయింది. డాక్టరొచ్చి దాని పళ్ళు అరగదీశాడు, పురుగుల మందు పోశాడు, నాలుగు గంటలకోసారి కొంచెం కొంచెం ఎండుగడ్డి మాత్రమే పెట్టమన్నాడు. రాత్రి వంతు ముసలావిడది, పగటి వంతంతా అమ్మది. గడ్డి ఎక్కువ పెడదామని నేను చెయ్యి చాపితే చేతి మీద ఒక్కటిచ్చేది.

"ఆకలితో ఎండిపోయినదానికి ఒక్కసారి కడుపునిండా పెట్టామంటే చచ్చిపోద్దే. దాని పేగులు అరిగించుకోవడం మర్చిపోయాయి. మళ్ళీ నేర్పాలి. మా నాన్న ఇలాంటివి రెంటిని బతికించాడు."

నేను విన్నాను. తెలీక చేశానని తర్వాత ఎన్నిసార్లు నాకు నేను సర్దిచెప్పుకోబోయినా ఈ మాట అడ్డం పడుతూ ఉంటుంది. విన్నాను, నాకు తెలుసు.

ఆ చలికాలమంతా మా ఇల్లు గుర్రపుశాల వాసనే. ఆల్ఫాల్ఫా గడ్డి మోపు విప్పితే మెంతికూర నీడన ఆరబెట్టిన వాసన వచ్చేది. అమ్మ చేతులకి ఆ వాసన, దానికి తోడు లద్దె వాసన. చారు పోస్తుంటే ఆ వాసన, జడ వేస్తుంటే ఆ వాసన. నాన్న ముక్కు మూసుకుని, "నువ్వు హెచ్-ఫోర్ మీద ఉన్నావ్. వర్క్ చేస్తున్నావని ఎవరైనా కంప్లైంట్ ఇస్తే మన గ్రీన్ కార్డ్ ప్రాసెస్ మొత్తం స్పాయిల్ అవుతుంది, ఆలోచించు" అనేవాడు. "జీతం తీసుకుంటే కదండీ వర్కు. గుర్రానికి గడ్డెయ్యడం కూడా తప్పేనా మీ అమెరికాలో?" అనేది అమ్మ. ఆవిడ నాన్నకి ఎదురు మాట్లాడటం అదే మొదటిసారి వినడం నేను.

నేను చేసిన వెధవ పనులు కూడా తక్కువేం కాదు. గుర్రం నాకడానికని గోడకి వేలాడదీసిన ఉప్పు గడ్డని ఎలా ఉంటుందో చూద్దామని నాకాను. గుర్రానికని తెచ్చిన క్యారెట్లు సగం నేనే తినేసేదాన్ని. అమ్మ గోనెపట్టా ముక్కతో దానికి మాలీషు చేస్తుంటే నేను గడ్డి మోపుల మీద పడుకుని కబుర్లు చెప్పించుకునేదాన్ని. తాతయ్య పొద్దున్నే ఉలవలు ఉడకబెడితే ఇల్లంతా ఎలా కమ్మగా వాసనేసేదో, అమ్మా మావయ్యా గుర్రం సంచిలోంచి గుగ్గిళ్ళు దొంగిలించి ఉప్పూ కారం చల్లుకుని ఎలా తినేవాళ్ళో, పట్టుబడితే తాతయ్య "అది తింటే మనల్ని లాగుద్ది, మీరు తింటే ఏం లాగుతారే?" అని ఎలా తిట్టేవాడో చెప్పేది. చెబుతూ చెబుతూ పగలబడి నవ్వేది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషేనా ఈవిడ అనిపించేది నాకు.

ఒక్కటే నచ్చేది కాదు. అమ్మ నన్ను "అమ్మడూ" అని పిలిచేది. ఆ చలికాలం గుర్రాన్ని కూడా అలాగే పిలవడం మొదలెట్టింది. "అమ్మడూ" అని వినపడి నేను "ఆఁ" అంటే, "నిన్ను కాదే, దాన్ని" అనేది. పైగా ఆ గుర్రం అమ్మ అడుగుల చప్పుడు వింటే చాలు, తల బయట పెట్టి సకిలించేది. నేనెళ్తే చూసి మళ్ళీ గోడకేసి తిరిగేది. కుళ్ళుకున్నాను. గుర్రం మీద కుళ్ళేంటి అంటారేమో, నిజంగా కుళ్ళుకున్నాను.

చలి తగ్గేసరికి గుర్రం కాస్త తేరుకుంది. ముసలావిడ కొలత టేపు దాని ఛాతీ చుట్టూ తిప్పి, గోడ మీద సుద్దముక్కతో రాసేది. ప్రతి వారం కాస్త పైకి. ఒకరోజు ఆవిడ అమ్మ భుజం మీద చెయ్యేసి, "నాకా వయసైపోయింది. నీ కాగితాలు వచ్చాక ఈ శాల నువ్వే చూసుకోవాలి. ఇంకొకళ్ళకి ఇవ్వను" అంది. నాకు బాగా గుర్తు, ఆ వేళ సంతోషంలో అమ్మ అన్నం తినలేదు. అద్దం ముందు నిలబడి "ఐ యామ్ ది బార్న్ మేనేజర్" అని అనుకుంటుంటే చాటు నుంచి విని, నేను కిసుక్కున నవ్వాను. ఆవిడ సిగ్గుపడి నా వీపు మీద ఒక్కటేసింది.

ఇక వెంట్రుకకి మెరుపు రావాలి, కండ పట్టాలి అంటే ఉలవలే అంది అమ్మ. ముసలావిడ ఆ పేరే ఎప్పుడూ వినలేదు. డాక్టరుకి ఫోన్ చేస్తే ఆయనా వినలేదు. "నీకు తెలుసు కదా, ఎంత పెట్టాలో?" అని అడిగింది ముసలావిడ. "తెలుసు" అంది అమ్మ. హెర్న్‌డన్‌లో ఇండియన్ కొట్టు నుంచి నాన్న చేత పెద్ద బస్తా తెప్పించి, శాలలో మూతున్న డబ్బాలో పోసింది. రాత్రి నానబోసి పొద్దున ఒక్క పిడికెడు, అంతే. పదిహేను రోజులు పిడికెడే. ఆ తర్వాతే దోసెడు. తాతయ్య లెక్క అది.

ఇక్కడి నుంచి చెప్పడం కష్టం.

ప్రతి శనివారం మా తెలుగువాళ్ళం ఎవరో ఒకరింట్లో కలిసేవాళ్ళం. తలా ఒక వంట చేసి తెచ్చేవారు. ఆ పిల్లల్లో నాకన్నా ఒక ఏడాది పెద్ద పిల్ల ఉండేది, పెద్ద ఇల్లున్న ఆంటీ కూతురు, మా స్కూలు బస్సులోనే వచ్చేది. నేను దాని దగ్గర గొప్పలు కొట్టాను. మాకు గుర్రం ఉంది, రేసు గుర్రం, నేను రోజూ ఎక్కుతాను అని. వాళ్ళ డాడీ ఒకసారి మా నాన్నని దించడానికి వచ్చినప్పుడు అదీ వచ్చింది. కంచె దగ్గర నిలబడి చూసి, "దిస్ ఈజ్ యువర్ రేస్ హార్స్? స్కెలెటన్ లాగా ఉందేంటి?" అని పడీ పడీ నవ్వింది. మర్నాడు బస్సులో నాకు "స్కెలెటన్" అని పేరు పెట్టారు.

వచ్చే శనివారం మా ఇంట్లో వంతు. అందరూ వస్తారు, గుర్రాన్ని చూస్తారు. ఇంకా మూడు రోజులుంది.

బుధవారం స్కూలు నుంచి వచ్చి, అమ్మ గుడ్డలు మడత పెడుతుంటే శాలలోకి వెళ్ళాను. డబ్బా మూత తీసి రెండు దోసిళ్ళ ఉలవలు పెట్టాను. నానబెట్టినవి కాదు, ఎండువే. నానబెడితే అమ్మ చూస్తుందిగా. గుర్రం నా అరచేతుల్లో మూతి పెట్టి కరకరమని తినేసింది. దాని పెదవులు మెత్తగా ఉన్నాయి, ఊపిరి వెచ్చగా తగిలింది. గురువారం నాలుగు దోసిళ్ళు. శుక్రవారం నేను గుమ్మంలో కనపడగానే అది సకిలించింది. నన్ను చూసి! అమ్మని కాదు, నన్ను చూసి. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ రోజు ఎన్ని దోసిళ్ళు పెట్టానో కూడా చూసుకోలేదు. డొక్కలు నిండుగా ఉబ్బి కనిపించాయి. లావైంది అనుకున్నాను. అంత తెలివైనదాన్ని.

శనివారం మధ్యాహ్నం అందరూ వచ్చారు. పులిహోర ట్రేలు, బగారా బైంగన్, ఎవరో తెచ్చిన రసమలై, పిల్లల గోల. పిల్లలందరినీ వెంటేసుకుని కంచె దగ్గరకి తీసుకెళ్ళాను. గుర్రం ముందు కాలితో నేలని గీరుతోంది. మాటిమాటికీ మెడ తిప్పి డొక్క వైపు చూసుకుంటోంది. ఒళ్ళంతా చెమట. మేం చూస్తుండగానే కూలబడి దొర్లడం మొదలెట్టింది.

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరిగెత్తింది. దాన్ని లేపి నడిపించింది. అది పడిపోవడం, అమ్మ లేపడం. ముసలావిడ వచ్చింది, డాక్టరుకి ఫోన్ చేసింది. అరగంటకి డాక్టరొచ్చి ముక్కులోంచి గొట్టం వేశాడు. కాసేపటికి తిరిగి, "ఏం తినిపించారు?" అని అడిగాడు.

"హే. అండ్ హార్స్ గ్రామ్. వన్ ఫిస్ట్. సోక్డ్" అంది అమ్మ, పిడికిలి చూపిస్తూ.

"నిజంగా అంతేనా?"

"అంతే. మై ఫాదర్ డ్రోవ్ హార్స్ కార్ట్. థర్టీ ఇయర్స్. హీ గేవ్ లైక్ దిస్. ఐ నో."

మా వాళ్ళందరూ కంచె పొడుగునా నిలబడి ఉన్నారు. పెద్ద ఇల్లున్న ఆంటీ పక్కావిడతో, పెద్దగానే అంది. "జట్కానా? ట్రాన్స్‌పోర్ట్ అన్నారుగా?" ఎవరో నవ్వు ఆపుకున్నారు. నాన్న కిందికి చూస్తున్నాడు.

నా కోటు జేబులో ముందురోజు ఉలవలు ఇంకా ఉన్నాయి. వేళ్ళకి తగులుతున్నాయి. నేను నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే అందరూ అమ్మ వైపు తిరిగారు. నావైపు ఎవరూ చూడటం లేదు. చెప్పుకోడానికి సిగ్గేస్తోంది కానీ, ఆ క్షణం నాకు హాయిగా అనిపించింది. నోరు మూసుకున్నాను.

"బక్క గుర్రానికి ఈ గింజలు అరగవు. చాలా స్ట్రాంగ్" అన్నాడు డాక్టరు. ముసలావిడ ఏమీ తిట్టలేదు. "నీకు తెలుసన్నావు" అంది, అంతే. అమ్మ చేతిలోంచి తాడు తీసేసుకుంది. తీసుకున్నాక కూడా అమ్మ చెయ్యి తాడు పట్టుకున్నట్టే గాల్లో ఉండిపోయింది. ముసలావిడ శాలలోకి పోయి ఉలవల డబ్బా ఎత్తుకొచ్చి, లోపలికి చూడకుండానే చెత్తకుండీలో బోర్లించేసింది. ఎంత తరిగిందో ఇక ఎవరికీ తెలీదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పులిహోర ట్రేలు మూత తీయకుండానే వెనక్కి వెళ్ళిపోయాయి. అందరూ పోయాక నాన్న, "జట్కా సంగతి అందరి ముందూ ఎత్తాలా? ఇప్పుడు నేను ఫేస్ ఎలా చూపించుకోవాలి?" అన్నాడు.  అమ్మ స్నానం చేసి, తడి జుట్టుతోనే కాలింగ్ కార్డు తీసి, "నంబర్ చదవవే" అంది. నేను చదివాను. ఆవిడ నొక్కింది. అక్కడ తెల్లవారి ఉంటుంది. తాతయ్య గొంతు పక్కనున్న నాకు కూడా వినపడుతోంది.

"నాన్నా, పిడికెడు చాలు, ఏం కాదు అన్నావు. చూశావా, అది చావబోయింది. అందరి ముందూ నా పరువు పోయింది. అసలు నీకేం తెలుసు గుర్రాల సంగతి? ఏమీ తెలీకుండానే ముప్ఫై ఏళ్ళు తోలావా? ఎన్నిటిని చంపావో ఇలాగే!"

 తాతయ్య మెల్లగా, "పిడికెడుకి అలా అవ్వదమ్మా. అవ్వకూడదే. ఎక్కడ తప్పానో..." అన్నాడు. ఇంకేదో అనబోయాడు, కార్డులో టైమ్ అయిపోయి లైన్ కట్ అయింది. అమ్మ ఇంకో కార్డు తీయలేదు.

నేను అక్కడే ఉన్నాను. చెయ్యి చాపితే అందేంత దూరంలో. కార్డు నా చేతిలోనే ఉంది.

గుర్రం చావలేదు. ఆ రెండు రోజులూ గండం మీదున్నా గట్టెక్కింది. వేసవికల్లా పుష్టిగా తయారై, బీడంతా పరుగులు పెట్టేది. ఎముక అన్నది కనపడేది కాదు, ఒళ్ళు నిగనిగలాడేది. చూసినవాళ్ళెవరూ ఇది ఆ గుర్రమే అంటే నమ్మలేదు. అమ్మ మాత్రం ఆ వైపు కిటికీకి తెర వేసేసింది. నేను చెప్పకుండా ఉండటానికి కొత్త సాకు దొరికింది. బతికిందిగా, ఇంకెందుకులే అని.

ముసలావిడ మంచిదే. నెల తిరగకుండా ఆపిల్ పై అనే తీపి వంట చేసి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "ఆ రోజు నాకు భయంలో ఏమీ తోచలేదు. అది నీ కోసం చూస్తోంది. గింజల సంగతి వదిలెయ్, వచ్చి దువ్వి పోరాదా?" అంది. అమ్మ నవ్వి, "నో నో. ఐ డోంట్ నో హార్సెస్. మై మిస్టేక్" అంది. ముసలావిడ ఇంకా రెండుసార్లు వచ్చింది. తర్వాత రావడం మానేసింది. అమ్మ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో బట్టలు మడత పెడుతున్నట్టు ఉండేది, కానీ అవే బట్టలు మళ్ళీ మళ్ళీ మడత పెట్టేది.

ఆ తర్వాత తాతయ్య ఫోన్ చేస్తే వాన పడిందా, పిల్ల ఎలా చదువుతోంది, అంతే. గుర్రం మాట ఆయనా ఎత్తలేదు, ఈవిడా ఎత్తలేదు. అంతకు ముందు ప్రతి వారం ఎంత పెరిగింది, లద్దె ఎలా వేస్తోంది అని అడిగి అడిగి చంపేవాడు. రెండేళ్ళకి పోయాడు. కాగితాలు మధ్యలో ఉన్నాయని అమ్మ వెళ్ళలేకపోయింది. మా కాగితాలు వచ్చేసరికి ముసలావిడ కూడా లేదు, పొలం అమ్మేశారు. అమ్మ పిల్లల డేకేర్‌లో చేరింది. పద్దెనిమిదేళ్ళు ఊళ్ళోవాళ్ళ పిల్లలకి మూతులు తుడిచింది.

చెప్పడానికి నాకు ఎన్ని అవకాశాలు వచ్చాయో! ఇంటర్వ్యూలో నెగ్గిన రోజు, పెళ్ళి ముందు రోజు, పాప పుట్టినప్పుడు. ప్రతిసారీ ఇంత మంచి రోజున ఎందుకులే అనుకున్నాను. చెడ్డ రోజున ఎలాగూ చెప్పను. చిన్నపిల్లని, భయపడ్డాను, అది ఒప్పుకుంటాను. పదకొండేళ్ళ పిల్లని నేను కూడా క్షమించగలను. పాతికేళ్ళు నోరు మూసుకు తిరిగిన పెద్దదాన్ని మాత్రం ఎలా క్షమించాలో నాకు తెలీదు.

పాప కాగితం తెచ్చిన ఆ వారంలోనే, ఆదివారం పొద్దున, అమ్మ వంటింట్లో కూర్చుని కరివేపాకు దూస్తుంటే ఎదురుగా కూర్చున్నాను. డొంకతిరుగుడు లేకుండా, ఏడవకుండా చెప్పాలని నిర్ణయించుకున్నాను.

"అమ్మా, ఆ గుర్రానికి ఉలవలు నేను పెట్టాను. నీకు తెలీకుండా మూడు రోజులు పెట్టాను. ఎండువి."

ఏ గుర్రం అని అడగలేదు. చేతిలో రెమ్మ అలాగే పట్టుకుంది.

"ఎంత?"

రెండు చేతులూ దోసిలి పట్టి చూపించాను. "ఇలాంటివి. మొదటి రోజు రెండు, తర్వాత నాలుగు. మూడో రోజు ఎన్నో లెక్కలేదు. అప్పుడు చేతులు చిన్నవిలే" అన్నాను. ఆ చివరి ముక్క ఎందుకన్నానో నాకే తెలీదు.

అమ్మ నా చేతుల వైపు చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి. లెక్క కడుతోందని అర్థమైంది.

"మరి ఆ డాక్టరు నన్ను అడిగినప్పుడు నువ్వక్కడే ఉన్నావుగా."

"ఉన్నాను."

"నేను ఫోన్ చేసినప్పుడు..."

"నంబర్ చదివింది నేనే అమ్మా."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని, చెంప పగలగొడితే ఇంకా బాగుండునని ఎదురు చూశాను. పోనీలే, చిన్నదానివి అంటుందేమోనని కూడా లోపల ఏదో మూల ఆశ ఉంది, అబద్ధమెందుకు. ఆవిడ రెండూ చెయ్యలేదు. రెమ్మని గిన్నెలో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుంది. డెబ్భైకి దగ్గరవుతున్న మనిషి, తప్పిపోయిన చిన్నపిల్ల దారి అడిగినట్టు నా మొహంలోకి చూసి అడిగింది.

"మరి మా నాన్నకెవరు చెప్తారే?"